పార్టుల వ్యాపారం ఆన్‌లైన్‌కి తేవాలంటే: వెబ్‌సైట్ కంటే ముందు పట్టిక

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు, కెపాసిటర్లు, చిన్నాచితకా పైపు ఫిట్టింగులు కలిపి మీ దగ్గర దాదాపు మూడు వేల రకాలున్నాయి. ఇన్నాళ్లూ కౌంటర్ మీదే అమ్మారు. ఇప్పుడు ఆన్‌లైన్ స్టోర్ పెట్టాలి. స్టోరు నడిపే సాఫ్ట్‌వేర్‌గా షాపిఫై తీసుకోవాలా, వూకామర్స్ తీసుకోవాలా? మూడు వేలూ ఒకేసారి ఎక్కించాలా? ఇదంతా ఒక్కరే చేసుకోగలరా?

సాఫ్ట్‌వేర్ సంగతి కాస్త ఆగి చెప్తాను. అందరూ దానితోనే మొదలుపెట్టి, థీమ్ రంగులు మార్చుకుంటూ నెలలు గడిపేసి, చివరికి పేరు, ధర, మసక ఫొటో ఉన్న పేజీలు నాలుగు పెట్టి ‘ఆన్‌లైన్‌లో అమ్మకాలు లేవండీ’ అంటారు.

బట్టలు కొనేవాళ్లు చూసి ముచ్చటపడి కొంటారు. పార్టు కొనేవాళ్లకు ముచ్చటతో పనిలేదు. మిషను ఆగిపోయి ఉంటుంది, ఒకటే టెన్షన్: ఇది నా దానికి సరిపోతుందా, లేదా? కౌంటర్ మీద ఆ ప్రశ్నకు జవాబు మీరే. పాత ముక్క చేతిలో పెడితే తిప్పి చూసి, గోరుతో తుప్పు గీకి, అరిగిపోయిన నంబరు చదివి, నిచ్చెనెక్కి సరైన డబ్బా దింపుతారు. ఆన్‌లైన్‌లో మీరుండరు. మీ బుర్రలో ఉన్నదంతా పేజీ మీదకు రావాలి. అది ఎంత వస్తే అంత అమ్మకం, రానిదంతా రిటర్నుల రూపంలో తిరిగొస్తుంది. కాబట్టి మొదటి పని ఒక పట్టిక తయారు చేయడం. ఎక్సెల్ చాలు.

ఒక్క 6203 బేరింగు తీసుకుని చూద్దాం. మీ డబ్బా మీద ‘6203’ అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. మీకది చాలు, కొనేవాళ్లకు చాలదు. లోపలి బోరు (షాఫ్టు దూరే రంధ్రం) 17 మి.మీ., బయటి వ్యాసం 40, వెడల్పు 12. ఈ మూడూ మూడు వేరే గడుల్లో ఉండాలి. ఒకే గడిలో ‘17×40×12’ అని కుక్కేస్తే రేపు ‘17 బోరువి అన్నీ చూపించు’ అని వెతికే వీలుండదు. తర్వాత మూత. రెండు వైపులా రబ్బరు సీలుందా, రేకు షీల్డుందా, అసలు మూతే లేదా? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది. రెండు వైపులా రబ్బరు సీలున్న బేరింగును ఎస్‌కేఎఫ్ వాళ్లు 2ఆర్‌ఎస్‌హెచ్ అంటారు, ఎన్‌ఎస్‌కే వాళ్లు డీడీయూ, ఎన్‌టీఎన్ వాళ్లు ఎల్‌ఎల్‌యూ. పాత బేరింగు మీద డీడీయూ అని చూసిన మెకానిక్ అదే టైప్ చేస్తాడు. మీ పేజీలో ఆ మాట లేకపోతే, సరుకు మీ ర్యాకులో ఉన్నా లేనట్టే. ఆపైన క్లియరెన్సు: సి3 అని ఉంటే గోళీలకు మామూలు కంటే కాస్త ఎక్కువ సందు ఉందని అర్థం. వేడెక్కే మోటార్లలో తరచూ ఇదే వాడతారు. మామూలు 6203, సి3 ఉన్న 6203 ఒకే పేజీలో కలిపేస్తే, ఏది పంపారో మీకే గుర్తుండదు.

(కొలతలు టైప్ చేసే పని ఎవరికైనా అప్పగిస్తే ఒక మాట చెప్పండి. బేరింగు నంబరులో చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే బోరు వస్తుందన్న సూత్రం 04 నుంచి పైకే పనిచేస్తుంది. 00, 01, 02, 03లకు వరసగా 10, 12, 15, 17. తెలివైన కుర్రాడు ఫార్ములా పెట్టి గడులన్నీ నింపేస్తే 6203కి 15 పడుతుంది.)

మిగతా సరుకు కూడా ఇదే పద్ధతి, గడులు మారతాయంతే. ఆయిల్ సీలుకు షాఫ్టు, హౌసింగు, వెడల్పు, పెదవి (షాఫ్టును అంటుకునే రబ్బరు అంచు) ఒకటా రెండా, ఏ రబ్బరు. వి-బెల్టుకు సెక్షను (అడ్డుకోత సైజు), పొడవు. ‘ఏ’ అనే సెక్షను పైవెడల్పు 13 మి.మీ., ‘బి’ సెక్షనుది 17. ఏ-42 అంటే లోపలి పొడవు 42 అంగుళాలు, అంటే దాదాపు 1067 మి.మీ. కొన్ని కంపెనీలు లోపలి పొడవు కాకుండా పిచ్ పొడవు (బెల్టు మందం లోపలి గీత వెంట కొలిచేది) ముద్రిస్తాయి. ఏ పొడవో చెప్పకుండా ఉత్త అంకె వేయడం ప్రమాదం. ఓ-రింగులకు లోపలి వ్యాసం, తాడు మందం, మెటీరియల్. నల్లగా ఉన్నదల్లా నైట్రైల్ రబ్బరు కాదు, వైటన్ అనే రబ్బరు కూడా నల్లగా దొరుకుతుంది. నైట్రైల్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, వైటన్ 200 దాకా. వేడి నూనె దగ్గర తప్పు రింగు వేస్తే కొద్దిరోజుల్లో గట్టిపడి పగులుతుంది, తిట్లు మీకు. కెపాసిటర్లకు మైక్రోఫారడ్లు, వోల్టేజి, స్టార్టింగుదా రన్నింగుదా అన్నది తప్పనిసరి.

పైపు ఫిట్టింగుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘అరంగుళం’ ఫిట్టింగు మర మీద వెర్నియర్ పెట్టి కొలిస్తే 21 మి.మీ. దగ్గర వస్తుంది. అరంగుళం అంటే 12.7 కదా అనుకుని, కొనేవాళ్లు ముప్పావు అంగుళమో ఇంకేదో ఆర్డర్ పెడతారు. అది పైపు సైజు పేరు, మర కొలత కాదు. ఈ సంగతి పేజీలో రాయాల్సిందే. ఇంకో తంటా ఉంది. బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు రకాల మరలు. అరంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, కాబట్టి ఒకదానిలో ఇంకొకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది. కానీ మర కోణం బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. టేపు చుట్టినా కారే ప్రమాదం ఉంటుంది. ‘మీ ఫిట్టింగు లీకవుతోంది’ అని వచ్చే ఫిర్యాదులకు తయారీ లోపమే కాదు, ఇది కూడా కారణం కావచ్చు. పేజీలో మర రకం పెద్ద అక్షరాల్లో వేసి, ‘21 మి.మీ. కొలత వస్తే మీకు కావలసింది ఈ సైజే’ అని ఒక వాక్యం చేర్చండి. ఎన్నో ఫోన్లు తగ్గుతాయి.

ఇక నంబర్లు. ప్రతి వస్తువుకూ మీదంటూ ఒక కోడ్ పెట్టుకోండి. సప్లయర్ నంబరునే మీ కోడ్‌గా వాడితే, రేపు సప్లయర్ మారినప్పుడు పాత బిల్లులూ కొత్త స్టాకూ కలవవు. కోడ్‌లో ఇంగ్లీషు ఓ, ఐ అక్షరాలు వాడొద్దు, సున్నాతో, ఒకటితో కలిసిపోతాయి. వాహనాల మీద ఉండే 17 అక్షరాల విన్ నంబరులో ఐ, ఓ, క్యూ అందుకే ఉండవు. తయారీదారు నంబరుకు వేరే గడి. అదే పార్టుకు ఇతర కంపెనీలు వాడే నంబర్లకు ఇంకో గడి. పాత నంబరు ఆగిపోయి దాని బదులు కొత్తది వచ్చి ఉంటే, ఆ పాత నంబరుకూ చోటివ్వండి. మిషన్లు ఏళ్ల తరబడి నడుస్తాయి కాబట్టి జనం వెతికేది చాలాసార్లు పాత నంబరుతోనే.

ఎక్సెల్‌తో మాత్రం జాగ్రత్త. మీకు తెలియకుండానే నంబర్లు మార్చేస్తుంది. 3-12 అన్న పార్టు నంబరు తేదీ అయిపోతుంది. మధ్యలో ఇంగ్లీషు ఇ అక్షరం ఉన్న నంబరు పెద్ద సంఖ్యగా మారుతుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 13 అంకెల బార్‌కోడ్ కుదించిన రూపంలో కనిపిస్తుంది. దాన్ని అలాగే సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే సాదా ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలన్నీ పోయినట్టే, తిరిగి రావు. నంబర్లుండే గడుల ఫార్మాట్‌ను మొదటే ‘టెక్స్ట్’ అని మార్చుకోండి. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవకుండా ఇంపోర్ట్ దారిలోనే తెచ్చుకోండి. అసలు ఫైలు ఒకటి ఎప్పుడూ ముట్టుకోకుండా పక్కన ఉంచండి.

ఏ పార్టు ఏ మిషనుకు అన్నది రెండో పట్టిక. మొదటి దాంట్లోనే ఇరికించొద్దు. ఒక్కో వరసలో కంపెనీ, మోడల్, ఏ సీరియల్ నుంచి ఏ సీరియల్ దాకా లేదా ఏ సంవత్సరాల మధ్య, మీ కోడ్. ఒకే సీలు ఇరవై మోడళ్లకు సరిపోతే ఇరవై వరసలు. విసుగు పనే, కానీ మీ స్టోరుకు నలుగురూ రావడానికి కారణం ఈ పట్టికే అవుతుంది. ఎందుకంటే మామూలు మనిషికి సీలు సైజు తెలియదు, మిషను మోడల్ తెలుసు. ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని మాత్రం ఎక్కడా రాయొద్దు. మీరు కౌంటర్ మీద ఇచ్చి, అది సరిపోయిందని తెలిసిన మోడళ్లే రాయండి. అనుమానం ఉన్నదాన్ని ఖాళీగా వదిలేస్తే నష్టం లేదు, కొలతలు చూసి కొనేవాళ్లు కొంటారు. రేపు వాహనాల పార్టుల్లోకి వెళ్తే ఇదంతా చేత్తో చేయలేరు. ఉత్తర అమెరికాలో ఏసెస్, యూరప్‌లో టెక్‌డాక్ పేర్లతో ఏ బండికి ఏ పార్టు అన్న సమాచారం ఒక పద్ధతిలో దొరుకుతుంది. సప్లయర్ ఇవ్వగలడేమో ముందే అడగండి.

మూడు వేలూ ఒకేసారి ఎక్కించాలా అన్నారు. వద్దు. పాత బిల్లుల కట్టలు తీసి, పదేపదే అమ్ముడయ్యేవి, నంబరుతోనో కొలతతోనో తిరుగులేకుండా గుర్తుపట్టగలిగేవి, చిన్న కవర్లో పట్టేవి ఒక నూటయాభై, రెండు వందలు ఏరండి. వాటి గడులన్నీ పూర్తిగా నింపండి. అరకొర పేజీలు మూడు వేల కంటే నిండు పేజీలు రెండు వందలు ఎక్కువ అమ్ముతాయి. దీన్ని చాలామంది తలకిందులు చేస్తారు. కౌంటర్ మీద కదలని పాత సరుకంతా ముందు ఆన్‌లైన్‌లో పెట్టేసి ‘ఎవరో ఒకరు కొనకపోతారా’ అంటారు. దానికీ రోజు వస్తుంది. ఆగిపోయిన మోడళ్ల పార్టులకు దూరప్రాంతాల నుంచి గిరాకీ ఉండే మాట నిజమే. కానీ మొదటి నెలల్లో మీకు కావలసింది ఆర్డర్ రావడం, ప్యాక్ చేయడం, పంపడం అనే చక్రం తిరగడం. అది రోజూ అమ్మే సరుకుతోనే తిరుగుతుంది.

ఫొటోలు ఫోనుతో చాలు. తెల్ల చార్టు, కిటికీ వెలుతురు. ప్రతి పార్టుకూ ముందు, వెనక, పక్క, దాని మీద అచ్చుకొట్టిన నంబరు దగ్గరగా. ఒక ఫొటోలో పక్కన స్కేలో, బోరులో పెట్టిన వెర్నియరో ఉండాలి. తయారీదారు కేటలాగ్ నుంచి బొమ్మ ఎత్తి పెట్టొద్దు. అది వాళ్ల హక్కు, పైగా మీరు పంపేది అచ్చం అలా ఉండకపోతే గొడవ. కనెక్టర్లు, ప్లగ్గులు ఉన్న వాటికి పిన్నుల వైపు ఫొటో లేకుండా ఎక్కించడం దండగ.

ఒరిజినల్, డూప్లికేట్ విషయంలో దాపరికం పనికిరాదు. కంపెనీ పార్టు, బయటి కంపెనీ చేసిన సరిపోయే పార్టు, విప్పిన మిషన్లోంచి తీసిన పాత పార్టు, ఈ మూడూ వేరు. పేజీ శీర్షికలోనే చెప్పండి. బయటి కంపెనీది అయితే ‘ఫలానా మోడల్‌కు సరిపోయేది’ అనాలి తప్ప ఆ కంపెనీ పేరు ముందు పెట్టి, లోగో వేసి, వాళ్ల సరుకే అన్న భ్రమ కలిగించకూడదు. ట్రేడ్‌మార్క్ నోటీసులు అక్కడి నుంచే వస్తాయి. సరిపోయే రకం అని నిజాయతీగా రాసి, ఒరిజినల్ కూడా పక్కనే పెట్టి, రెండింటికీ తేడా రెండు ముక్కల్లో చెబితే చాలామంది తమ అవసరాన్ని బట్టి ఎంచుకుంటారు. ఎవరూ మోసపోయామనుకోరు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. షాపిఫై 2006 నుంచి ఉంది. నెలనెలా అద్దె కడతారు, సర్వరు, భద్రత, అప్‌డేట్లు వాళ్లు చూసుకుంటారు. వూకామర్స్ 2011లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ హోస్టింగు, బ్యాకప్పు, ప్లగిన్‌లు (అదనపు సౌకర్యాల కోసం చేర్చుకునే ముక్కలు) ఒకదానితో ఒకటి తగువుపడినప్పుడు సర్దడం మీ తలనొప్పి. కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఇంట్లోనో దగ్గర్లోనో ఉంటే వూకామర్స్, లేకపోతే షాపిఫై లాంటి అద్దెది. నా లెక్కలో ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు. ఎంచుకునే ముందు మూడే ప్రశ్నలు వేసుకోండి. మీ గడులన్నీ విడివిడిగా ఎక్కుతాయా, వాటితో వడపోత పెట్టొచ్చా? ‘కంపెనీ, మోడల్’ ఎంచుకుంటే సరిపోయేవి చూపే సౌకర్యం ఉందా, అది యాప్ అయితే దాని అద్దె ఎంత? రేపు వెళ్లిపోవాలంటే మొత్తం డేటా ఫైలుగా బయటికొస్తుందా? చివరిది చాలామంది అడగరు. మీ అసలు పట్టిక మీ దగ్గర శుభ్రంగా ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా వదిలేసి ఇంకోదానికి పోవచ్చు, అది వేరే సంగతి.

ఇంకొకటి, సైజులన్నీ ఒకే పేజీలో డ్రాప్‌డౌన్‌గా పెట్టాలని అనిపిస్తుంది. బోల్టుల్లాంటి వాటికి బాగానే ఉంటుంది. బేరింగులకు, సీళ్లకు వద్దు. ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ ఉండాలి. గూగుల్‌లో నంబరు కొట్టినవాళ్లు సూటిగా ఆ నంబరు పేజీలోనే దిగాలి. ఆ పేజీ శీర్షికలో నంబరు, వస్తువు పేరు, ప్రధాన కొలతలు మూడూ ఉండాలి. సెర్చ్ ఇంజన్లకు అర్థమయ్యేలా పేజీ వెనక పెట్టే స్కీమా డేటాలో తయారీదారు నంబరుకు, బార్‌కోడ్‌కు, మీ కోడ్‌కు విడివిడి గడులున్నాయి. ‘ఇది ఫలానా వస్తువుకు స్పేర్ పార్టు’ అని చెప్పే గడి కూడా ఉంది. మామూలు థీములు వీటిని ఖాళీగా వదిలేస్తాయి, అడిగి నింపించుకోండి.

స్టోరు లోపలి సెర్చ్‌ను మీరే పరీక్షించాలి. 6203-డీడీయూ అని గీతతో, మధ్యలో ఖాళీతో, అంతా కలిపి, చిన్నక్షరాల్లో, ఇలా నాలుగు రకాలుగా కొట్టి చూడండి. నాలుగింటికీ అదే పేజీ రావాలి. రాకపోతే గీతలు, ఖాళీలు, చుక్కలు తీసేసిన నంబరును ఇంకో గడిలో దాచి, సెర్చ్ దాన్నీ చూసేలా చేయించండి. చిన్న పని, ఫలితం పెద్దది. తర్వాత వారానికోసారి ‘ఏమీ దొరకని వెతుకులాటలు’ అనే జాబితా చూడండి. జనం ఏ పేరుతో అడుగుతున్నారో, ఏ నంబరు మీరు ఎక్కించలేదో అందులో ఉంటుంది. తరువాత ఏ వంద వస్తువులు ఎక్కించాలో నిర్ణయించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

స్టాకు దగ్గర రాజీ పడొద్దు. ఉన్న ఒక్క పీసు పొద్దున కౌంటర్ మీద అమ్మేస్తారు, మధ్యాహ్నం అదే ఆన్‌లైన్‌లో ఆర్డరవుతుంది. కౌంటర్ బిల్లింగ్, ఆన్‌లైన్ స్టోరు ఒకే స్టాకు లెక్క మీద నడిస్తే సమస్యే లేదు. అది కుదిరేదాకా ఆన్‌లైన్ వాటాను విడిగా వేరే ర్యాకులో పెట్టండి, ఆ ర్యాకు కౌంటర్ కోసం ముట్టుకోకూడదు. ప్రతి డబ్బాకూ ర్యాకు, అర, గడి తెలిసేలా చోటు నంబరు వేసి పట్టికలో రాయండి. మీకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, నిజమే. మీరు ఊళ్లో లేని రోజు సాయానికి వచ్చినవాళ్లకు తెలియదు కదా. ఏడాదికోసారి మొత్తం లెక్కపెట్టే బదులు రోజుకో అర చొప్పున లెక్కపెట్టి సరిచూసుకుంటే భారం ఉండదు.

కొరియర్ ఖర్చులో పార్టులవాళ్లు రెండు చోట్ల నష్టపోతారు. ఒకటి, తేలికైన పెద్ద సరుకు. కొరియర్ కంపెనీలు బరువే కాదు, పెట్టె పరిమాణం కూడా లెక్కేస్తాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి చాలాచోట్ల 5000తో భాగిస్తారు. 30, 30, 20 పెట్టె అంటే 3.6 కిలోల కింద లెక్క, లోపల ఫ్యాను రెక్క అరకిలో ఉన్నా సరే. అందుకే పట్టికలో వస్తువు బరువుతో పాటు ప్యాక్ చేశాక పెట్టె కొలతలూ ఉండాలంటున్నాను. రెండోది, అతి చవక సరుకు. ఒక్క వాషరు, ఒక్క ఓ-రింగు అమ్మితే కవరు, లేబులు, మీ సమయం కలిపి వస్తువు ధరను మించిపోతాయి. అలాంటివి పది, ఇరవై చొప్పున ప్యాకెట్లు చేయండి, లేదా ఒక రిపేరుకు కావలసినవన్నీ కలిపి కిట్టు కట్టండి. పంపు సీలు మార్చేవాళ్లకు సీలు, గ్యాస్కెటు, ఓ-రింగు మూడూ కావాలి. విడిగా వెతికితే ఒకటి మర్చిపోయి మళ్లీ ఆర్డర్ పెట్టాలి. కిట్టు వాళ్లకు సుఖం, మీకు గిట్టుబాటు. ‘ఒక్క పీసు’, ‘పది పీసుల ప్యాకెట్టు’ అన్నది ధర పక్కనే కనిపించాలి, లేకపోతే పది ఆర్డర్ చేసి వంద అందుకున్నవాళ్లు ఫోన్ చేస్తారు.

బేరింగులను నూనె కాగితం తీసేసి పంపొద్దు, దారిలో తేమ తగిలితే తుప్పే. బెల్టులను కవర్లో పట్టించడానికి పదునుగా మడవొద్దు. విడి లిథియం బ్యాటరీలు, స్ప్రే డబ్బాలు, మండే జిగురులు కొరియర్ ఆంక్షల్లోకి వస్తాయి. విడిగా పంపే లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. మొదటి విడతలో వీటిని పెట్టకపోవడమే హాయి.

రిటర్నులు తప్పవు. కానీ ఎందుకొచ్చాయో ప్రతిసారీ ఒక ముక్కలో రాసిపెట్టుకోండి: సైజు తప్పు, మోడల్ తప్పు, మేం తప్పు పంపాం, వస్తువు చెడిపోయింది, మనసు మారింది. ఒకే పార్టు ‘సైజు తప్పు’ కింద మళ్లీ మళ్లీ వస్తుంటే తప్పు పేజీలో ఉన్నట్టు, కొనేవాళ్లలో కాదు. ఆ పేజీలో కార్టు బటన్ పైనే ‘ఆర్డర్‌కు ముందు ఈ రెండు కొలతలు చూసుకోండి’ అని పెట్టి, ఎలా కొలవాలో ఫొటో వేయండి. బిగించాక తీసిన సీలు, కరెంటు ఇచ్చి చూసిన సర్క్యూటు బోర్డు లాంటివి వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది ముందే స్పష్టంగా రాయాలి. మీ ప్రాంతపు వినియోగదారుల చట్టం ఏమంటుందో చూసుకునే రాయండి, అది ఇచ్చే హక్కును మీ షరతు తీసేయలేదు. మీ తప్పయితే రానూపోనూ ఖర్చు మీరే పెట్టుకోండి, వాదన వద్దు.

డబ్బు చెల్లింపుకు కార్డు నంబర్లు మీ సైటులోకి రానివ్వొద్దు. పేమెంట్ కంపెనీ పేజీలోనే కార్డు వివరాలు నింపే పద్ధతి ఎంచుకుంటే, కార్డు భద్రతా నిబంధనల భారం చాలావరకు వాళ్ల మీదే ఉంటుంది. కొత్త ఖాతా, ఖరీదైన ఒకే పార్టు అరడజను, చెల్లింపు చిరునామా ఒకటి, డెలివరీ ఇంకొకటి, ‘ఇవాళే పంపండి’ అన్న తొందర, ఇవన్నీ కలిసొస్తే పంపే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. దొంగ కార్డుతో కొన్న సరుకుకు డబ్బు వెనక్కి పోతుంది, సరుకు మాత్రం తిరిగిరాదు.

అమెజాన్, ఈబే లాంటి చోట్ల కూడా పెట్టాలా? పెట్టండి, కొత్త మనుషులు అక్కడ దొరుకుతారు. కమీషను, వాళ్ల రిటర్ను నియమాలు లెక్కలో వేసుకుని ధర కట్టండి, స్టాకు మాత్రం ఒకే చోటి నుంచి తగ్గాలి. మెకానిక్కులు, రిపేరు షాపులవాళ్లు నెలనెలా కొనేవాళ్లు. వాళ్లకు మీ సొంత సైటులో ‘మళ్లీ ఇదే ఆర్డర్’ బటన్, వాళ్ల రేటు కనిపించే ఖాతా ఇస్తే ఎక్కడికీ పోరు.

ప్రతి పేజీలో ‘పాత పార్టు ఫొటో పంపండి, చూసి చెప్తాం’ అని ఒక నంబరు పెట్టండి. మీ కౌంటర్ అనుభవానికి ఆన్‌లైన్‌లో మిగిలిన దారి అదొక్కటే. దానికి వేళలు పెట్టండి, లేకపోతే రాత్రి పదకొండింటికి కూడా తుప్పు పట్టిన బేరింగుల ఫొటోలు వస్తూనే ఉంటాయి. ఒకే ప్రశ్న రెండోసారి వస్తే జవాబు పేజీలోకి ఎక్కించండి.

సరుకు అయిపోతే పేజీ తీసేయొద్దు. మళ్లీ వస్తుందంటే ‘ప్రస్తుతం లేదు, వస్తే చెప్పండి’ అన్న గడి పెట్టండి. ఇక రానే రాదంటే దాని బదులు పనికొచ్చే పార్టు లింకు అక్కడే ఇవ్వండి. పేజీ చిరునామా మార్చాల్సి వస్తే పాతదాన్ని కొత్తదానికి శాశ్వతంగా మళ్లించండి. ఏళ్ల క్రితం ఎవరో మెకానిక్ దాచుకున్న లింకు కూడా పనిచేయాలి.

ఒక్కరే చేయగలరా అంటే, రెండు వందల వస్తువుల దాకా చేయగలరు. కొలవడం, మోడళ్లు రాయడం మీరే చేయాలి, అది ఇంకొకరికి అప్పగించే పని కాదు. ఫొటోలు, టైపింగ్, ప్యాకింగ్ ఎవరైనా నేర్చుకుంటారు. రోజూ కౌంటర్ తెరిచే ముందు ఒక గంట పెట్టుకుని పది వస్తువులు పూర్తిచేస్తూ పోతే నెల తిరిగేలోపు మొదటి విడత సిద్ధమవుతుంది. ముందు బేరింగులతో మొదలుపెట్టండి, కొలతలు అచ్చులో దొరుకుతాయి కాబట్టి త్వరగా అవుతాయి. కొలిచి, పోల్చి చూడాల్సిన సీళ్లు, గ్యాస్కెట్లు రెండో విడతకు ఉంచండి. పట్టికలో మొదటి ఇరవై వరసలు నింపాక, పార్టుల గురించి ఏమీ తెలియని మనిషికి ఒక పాత ముక్క చేతికిచ్చి, ఆ పట్టిక చూసి సరైన డబ్బా తెమ్మనండి. తెస్తే సాఫ్ట్‌వేర్ కొనండి. తేలేకపోతే ఏ గడి దగ్గర ఆగిపోయారో అడిగి, ముందు అది సరిచేయండి.